నైరుతిలో బరువు

కరోనా రెండో దెబ్బ సద్దుమణిగిన మరుసటి యేడు, జూన్ నెలలో, నన్ను నల్లగొండ వైపు నుంచి సైబరాబాద్‌కు బదిలీ చేశారు. హోదా పాతదే, స్టేషన్ ఫైర్ ఆఫీసర్. అంటే ఒక అగ్నిమాపక కేంద్రానికి పెద్ద. పైన జిల్లా ఫైర్ ఆఫీసర్ ఉంటారు, కింద లీడింగ్ ఫైర్‌మన్‌లు, ఫైర్‌మన్‌లు, బండి నడిపే డ్రైవర్ ఆపరేటర్లు. పదవీ విరమణకు ముందు నాకు దక్కిన ఆఖరి స్టేషన్ అది. పుప్పాలగూడ చుట్టుపక్కల లేచిన టవర్లు చాలామటుకు మా పరిధిలోకే వచ్చేవి.

అంతకుముందు నేను ఆర్పినవి గడ్డివాములు, పత్తి గోదాములు. ఊళ్లో వాము అంటుకుంటే ఎవరినీ ఒప్పించాల్సిన పని ఉండదు. మేం వెళ్లేసరికి సగం ఊరు బిందెలతో పరిగెడుతూ ఉంటుంది, మిగతా సగం ఆలస్యమైందని మమ్మల్ని తిడుతూ ఉంటుంది. సైబరాబాద్‌లో నిప్పు తక్కువ, మాటలు ఎక్కువ. ఇక్కడ మా ఉద్యోగంలో పెద్ద భాగం తనిఖీ. ఎత్తైన భవనాలకు శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రాన్ని, అంటే ఎన్‌ఓసీని, గడువు తీరకముందే మళ్లీ ఇవ్వాలంటే మేం వెళ్లి పంపులు పనిచేస్తున్నాయా, అలారం మోగుతోందా, మెట్ల దారి ఖాళీగా ఉందా అని చూడాలి. లేకపోతే నోటీసు ఇవ్వాలి. నోటీసు అన్న మాట బయటివాళ్లకు గంభీరంగా వినిపిస్తుంది. ఇక్కడ మాత్రం ప్రతి టవర్‌లోనూ ఒక లాయరు కాపురముంటాడు. మన నోటీసుకు ఆయన జవాబు రాస్తాడు, దానికి మనం జవాబు రాస్తాం, ఈలోగా ఎవరికో ఒకరికి బదిలీ వస్తుంది. కోర్టుకెళితే వాయిదాలు. ఇక చేతిలో మిగిలే పనిముట్టు నోరొక్కటే.

ఆ నోటిని తీసుకెళ్లి ఎవరి మధ్య వాడమన్నారో చూడండి. అందరూ నోటితో బతికేవాళ్లే. ఒకాయన అమెరికా బ్యాంకుకు అక్కర్లేని సాఫ్ట్‌వేర్ అంటగడతాడు. ఒకావిడ జీతం పెరగకపోయినా సంతోషంగా ఉండడమెలాగో ఉద్యోగులకు చెబుతుంది. కొత్తగూడ సిగ్నల్ దగ్గర కారు ఆగితే చాలు, ఎక్కడో ఉన్న బీడు భూమిని ప్లాట్లని చెప్పే కాగితం అద్దంలోంచి ఒళ్లో పడుతుంది. పొద్దస్తమానం ఎదుటివాడి చెవి మీద పడి బతికేవాళ్లకు తమ చెవులు మూసుకోవడం బాగా తెలుసు. ఆ సంగతి నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది.

చెప్పబోయే గేటెడ్ కమ్యూనిటీ పేరు అనవసరం. పేరులో ఒక ఇంగ్లీషు పువ్వు, ఒక ఇటలీ ఊరు ఉండేవి, తెలుగు ముక్క మాత్రం లేదు. అక్కడి బి టవర్ నుంచి నాకొక ఫోన్ వచ్చింది. మాట్లాడిన ఆమె పేరు వసుంధర. సొంతూరు అనంతపురం, ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది, ఇనుప క్యాలిపర్ కట్టుకుని నడుస్తుంది. ఉండేది నాలుగో అంతస్తు, ఒక్కతే. లిఫ్టు ఆగిపోతే మెట్ల మీద కూర్చుని, రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకుని, ఒక్కొక్క మెట్టే దిగాలి. ఆ రెయిలింగ్‌కు జనం సైకిళ్లు కట్టేశారు, మెట్ల మలుపుల్లో చెప్పుల స్టాండ్లు పెట్టారు.

"లిఫ్టు ఆగినప్పుడు నేనెట్ల దిగేది సార్? అసోసియేషన్‌లో చెప్తే, అలాంటి రోజు రాకుండా చూసుకుందాం అంటాండారు. రాకుండా ఎట్ల చూస్తారు సార్ వీళ్లు?" అని అడిగింది.

వెళ్లి చూశాను. టవర్‌కు రెండు మెట్ల దారులు. ఒకటి ఈశాన్యం మూల, ఒకటి నైరుతి మూల. నైరుతి మెట్లు ఆమె ఇంటికి దగ్గర. కింద అవి నేరుగా ఆరుబయటికి తెరుచుకుంటాయి. ఆ తలుపుకు గొళ్లెం, తాళం ఉండవు. లోపలి వైపు నడుమెత్తున అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది, దాన్ని ఒంటితో తోసినా తలుపు బయటికి తెరుచుకుంటుంది. కళ్లు కనబడని పొగలో కూడా మనిషి బయటపడాలని చేసిన ఏర్పాటు అది. దాని ముందు ఎవరిదో పాత వాషింగ్ మెషిన్ ఉంది.

అసోసియేషన్ అధ్యక్షుడు ప్రభాకర్ గారిది భీమవరం. మర్యాదకు పెట్టింది పేరు. ఉద్యోగం ఏమిటని అడిగితే ఛేంజ్ మేనేజ్‌మెంట్ అన్నారు. అంటే ఏమిటన్నాను. "కంపెనీలో ఏదైనా మార్పు తెచ్చినప్పుడు జనాన్ని దానికి ఒప్పించడమండి" అన్నారు. రొట్టె విరిగి నేతిలో పడిందనుకున్నాను. మెట్ల సంగతి చెప్పగానే ఆయన అక్కడికక్కడే ఫోన్ తీసి వాట్సాప్ గ్రూపులో ఓటింగ్ పెట్టారు. మెట్ల మీద సామాన్లు తీసేయాలా? అవును, కాదు, ఆలోచిద్దాం. ఆలోచిద్దామన్న పక్షం ఘనవిజయం సాధించింది.

తర్వాత క్లబ్‌హౌస్‌లో నా ప్రసంగం పెట్టారు. పవర్‌పాయింట్ లేకుండా ఎవరూ వినరన్నారు, అదీ చేయించాను. పొగలో మనిషికి ఎంత తొందరగా స్పృహ తప్పుతుందో చెబుతుంటే, ముందు వరసలో ఒకాయన చెయ్యెత్తాడు. సందేహం వచ్చిందనుకుని ఆగాను. బొమ్మ మీద అక్షరాలు చిన్నవిగా ఉన్నాయన్నాడు. ఇంకొకాయన, ఈ విషయాన్ని కథలా మొదలుపెట్టి ఉంటే ఎక్కువ పట్టేదని నాకు సలహా ఇచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు, సమోసాలు తిన్నారు, వెళ్లి చెప్పులు అదే స్టాండులో విడిచారు.

మాక్ డ్రిల్ కూడా పెట్టాం. అంటే ఉత్తుత్తి ప్రమాదం. అలారం మోగించి, జనం మెట్లు దిగి మైదానంలో పోగయ్యేదాకా చూస్తాం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. దిగినవాళ్లు లిఫ్టులో దిగారు. దిగి, మా బండి ఎక్కి ఫొటోలు తీసుకున్నారు. పాల్గొన్నట్టు సర్టిఫికెట్ ఇస్తారా అని ఒకావిడ అడిగింది. మెట్ల మీద దిగింది వసుంధర ఒక్కతే, ఆమె వచ్చేసరికి మైదానం ఖాళీ అయింది. నాకు ఒళ్లు మండింది. మా లీడింగ్ ఫైర్‌మన్ యాదయ్య మాత్రం నవ్వాడు.

"సార్, పరేషాన్ గాకుండ్రి. గీళ్లకు పానం మీద తీపి లేక గాదు, పానం పోతదన్న నమ్మకం లేదు. ఇంకేదన్న పోతదని చెప్పాలె" అన్నాడు.

ఆ ఇంకేదో చెప్పే మనిషి మా ప్రమేయం లేకుండానే దిగాడు. బి టవర్‌లో ఒకాయనకు ప్రాజెక్టు పోయి, కంపెనీలో ఊరికే కూర్చోబెట్టారు. ఆయన భార్య ఒక వాస్తు సిద్ధాంతిని పిలిపించింది. సిద్ధాంతి గారు పట్టుపంచె మీద స్మార్ట్ వాచీ పెట్టుకుని, లేజర్‌తో గదుల కొలతలు తీసే మనిషి. ఇల్లంతా చూసి బాగానే ఉందన్నారు. బయటికొచ్చి మెట్ల మలుపులో చెప్పుల స్టాండు చూసి ఆగిపోయారట. పైకెక్కే దారిలో విడిచిన చెప్పులుంటే యజమాని అడుగు ఎప్పటికీ పైకి పడదు, ప్రమోషన్ మాట మరచిపోండి అని ఒక్క ముక్క చెప్పి లిఫ్టు ఎక్కారు.

సాయంత్రానికి బి టవర్ మెట్లు అద్దంలా ఉన్నాయి. స్టాండ్లు లేవు, సైకిళ్లు లేవు, వాషింగ్ మెషిన్ ఎవరిదో కూడా తేలిపోయింది. వసుంధర ఫోన్ చేసి, రెయిలింగ్ పట్టుకుని నాలుగో అంతస్తు నుంచి కిందిదాకా హాయిగా దిగానని చెప్పింది. ఆ గొంతులో సంతోషం విని నేనూ పొంగిపోయాను. మనకు కావాల్సింది ఖాళీ మెట్లు, కారణం ఏదైతేనేం అనుకున్నాను. తనిఖీ నివేదికలో మెట్ల దారి నిరాటంకంగా ఉందని రాసి, పైకి పంపాను.

కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో మరుసటి వేసవిలో తెలిసింది. ఐటీ కంపెనీలన్నీ మనుషుల్ని తీసేస్తున్న రోజులు. బి టవర్‌లో కొన్ని ఉద్యోగాలు పోయాయి. ఉద్యోగాలు ఎందుకు పోతున్నాయో ఆ కంపెనీల్లోనే పనిచేసేవాళ్లకు తెలియదా? తెలుసు. అయినా అసోసియేషన్ ఏకగ్రీవంగా సిద్ధాంతి గారినే పిలిచింది. ఆయన టవర్ చుట్టూ తిరిగి, నైరుతి తలుపు ముందు నిలబడి తల ఊపారు. నైరుతిలో ద్వారం పనికిరాదన్నారు. అక్కడ ఎంత బరువుంటే అంత స్థిరమన్నారు. తెరుచుకునే తలుపుంటే సంపాదన ఆ దారినే బయటికి నడిచిపోతుందన్నారు.

అంతే. గచ్చిబౌలి వైపు ఎక్కడో తవ్వకాల్లో తేలిన నల్లరాతి బండను క్రేన్‌తో తెప్పించి, తలుపుకు ఆనించి నిలబెట్టారు. మనిషెత్తు బండ. దానికి పసుపు రాసి, చుట్టూ పచ్చగడ్డి పరిచి, రాత్రిళ్లు వెలిగేలా కింద లైటు కూడా పెట్టారు.

వసుంధర ఈసారి ఫోన్‌లో కేకలేసింది. "మెట్లు ఖాళీ చేసి తలుపు మూసినారు సార్! దిగొచ్చి బండకు మొక్కాల్నా నేను?"

నేను వెళ్లి ప్రభాకర్ గారిని నిలదీశాను. ఆయన నొచ్చుకున్నారు. "తలుపు మేం పీకేయలేదు కదండీ, తాళమూ వేయలేదు. దాని మానాన అది ఉంది, రాయి మానాన రాయి ఉంది" అన్నారు. నోటీసు ఇచ్చాను. లాయరు గారి జవాబు వచ్చింది: సదరు శిల ఉద్యానవన అలంకరణలో భాగమట. ఇక లాభం లేదని సిద్ధాంతి గారినే వెతుక్కుంటూ వెళ్లాను. ఆదరంగా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. ఆ తలుపు అగ్నిప్రమాదంలో బయటపడే దారి స్వామీ అన్నాను.

"అగ్ని స్థానం ఆగ్నేయం కదా. నైరుతితో మీ శాఖకేం పని?" అని అడిగారాయన, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

అగ్ని దిక్కులు చూసుకుని రాదని చెప్పాను. చాలాసేపు మాట్లాడాక ఆయన కొంచెం మెత్తబడ్డారు. బండను అదే మూలలో ఉంచి, తలుపుకు అడ్డం లేకుండా పక్కకు జరిపితే దోషం లేదన్నారు. పరుగున వచ్చి ప్రభాకర్ గారికి చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. "తప్పకుండానండి. కాకపోతే ఇప్పుడు ఆషాఢం కదండీ. శ్రావణం రాగానే మంచిరోజు చూసి కదిపేద్దాం" అన్నారు. మా జిల్లా ఫైర్ ఆఫీసర్‌కు ఫిర్యాదు రాశాను. వచ్చి చూస్తానన్నారు. ఆ రావడానికీ ఆషాఢమే అడ్డమొచ్చిందో ఏమో తెలియదు.

నిప్పుకు మాత్రం ముహూర్తం దొరికింది. ఆషాఢంలోనే ఒక వర్కింగ్ డే, పొద్దున పూట, అందరూ ఇళ్లలో కంప్యూటర్ల ముందున్న వేళ. బి టవర్‌లో కరెంటు తీగలు పై అంతస్తులకు వెళ్లే గూడు ఈశాన్యం మెట్ల పక్కన ఉంటుంది. అందులో కేబుల్ అతుకు కాలి అంటుకుంది. మంట చిన్నదే, పొగ మాత్రం పెద్దది. పొగను ఆపడానికి మెట్ల దగ్గర ప్రతి అంతస్తుకూ తనంతట తానే మూసుకునే ఫైర్ డోర్ ఉంటుంది. గాలి ఆడటంలేదని వాటికి జనం ఇటుకలు అడ్డం పెట్టారు. ఈశాన్యం మెట్లు పొగగొట్టమయ్యాయి. లిఫ్టులు ఆగిపోయాయి.

అలారం మోగగానే కదిలింది వసుంధర ఒక్కతే. దిగడానికి తనకు ఎంతసేపు పడుతుందో ఆమెకు తెలుసు. మిగతావాళ్లు వాట్సాప్ గ్రూపులో ఇది నిజమా, డ్రిల్లా అని అడుగుతున్నారట. మా బండి దారిలో ఉండగా ఆమె నాకు ఫోన్ చేసింది.

"నైరుతి తలుపు కాడికే వస్తాండా సార్. వేరే దారి లేదు. రాయి సంగతి మీరు చూసుకోండి" అని పెట్టేసింది.

నా ఉద్యోగంలో అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు. మేం చేరేసరికి వాచ్‌మన్‌లు బండను చేతులతో తోస్తున్నారు, అది వాళ్ల వైపు చూడను కూడా చూడటంలేదు. తలుపు అవతల నుంచి దబదబా బాదుతున్న చప్పుడు, దగ్గులు, అరుపులు. పొగ కనబడ్డాక టవర్ టవరంతా ఆ మెట్ల మీదికే వచ్చిపడింది. మా పద్ధతిలో మనుషుల్ని కాపాడటం ముందు, మంట తర్వాత. ఒక జట్టును గొట్టంతో ఈశాన్యానికి పంపి, యాదయ్యను రాయి దగ్గర పెట్టాను. గడ్డపారలతో కదపబోయారు, కదల్లేదు. చివరికి బండ చుట్టూ ఇనుప మోకు బిగించి, దాని కొస మా బండి కొక్కేనికి తగిలించారు.

అప్పుడు వచ్చారు ప్రభాకర్ గారు, క్లబ్‌హౌస్ జిమ్‌లోంచి, బనీనుతో, ఆయాసపడుతూ. వచ్చి మోకు ఎటు బిగించారో చూసి, "ఆయ్, అటు లాగకండి బాబూ, అటు ఉత్తరమండి! బరువు అటు పోకూడదండి!" అన్నారు.

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడి సామెత మా శాఖలో చేరినప్పటి నుంచీ వింటున్నాను. ఆ మనిషిని కళ్లారా చూడటం అదే మొదలు. నాకంటే ముందు యాదయ్య నోరు తెరిచాడు.

"సార్, జర పక్కకు జరుగుతరా? లేకుంటే మిమ్ముల్నే నైరుతిల బరువు పెడ్త" అన్నాడు. ఆ తలుపు వెనక తన భార్య కూడా ఉందని ప్రభాకర్ గారికి అప్పటికి తెలియదు.

లోపల జరిగింది తర్వాత విన్నాను. వసుంధర అందరికంటే ముందు తలుపు దగ్గరికి చేరింది. వెనకొచ్చినవాళ్లు తోసిన మొదటి తోపుకే ఆమె చెయ్యి కడ్డీకీ తలుపుకీ మధ్య ఇరుక్కుని మణికట్టు విరిగింది. ఇంకో తోపు పడితే మొదటి వరస నలిగిపోయేది. ఆమె వీపు తలుపుకు ఆనించి నేల మీద కూర్చుని, ఇలా అందట:

"తొయ్యొద్దండప్పా! ఎంత తోసినా రాదు. బయట బండ ఉండాది, మీరు పెట్టిందే. తోస్తే నేను చస్తా, నా మీద పడి మీరు చస్తారు. కూచోండి అందరూ. పొగ పైకే పోతాది, కింద కూచున్నోళ్లకి గాలి ఉంటాది. ఫైర్ సార్ వచ్చినాడు, బండి చప్పుడు వినబడతాండాది. కూచోండి!"

కూర్చున్నారు. మెట్టుకు ఇద్దరు ముగ్గురు చొప్పున, పైదాకా. ఓటింగ్ లేకుండా, ఆలోచిద్దామనకుండా ఆ కమ్యూనిటీ ఒక మాట విన్నది అదొక్కసారే. బండి గేరు మార్చి లాగింది, బండ ఒరిగింది, తలుపు తెరుచుకుంది. మొదట వసుంధరను ఎత్తుకొచ్చారు. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు, చాలామంది చంకలో ల్యాప్‌టాప్‌లతో. ప్రాణం ఒక్కటీ పోలేదు.

ఇంత జరిగాక బుద్ధి వచ్చి ఉంటుందని మీరనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. వారం తిరక్కుండా సర్వసభ్య సమావేశం పెట్టి నన్ను పిలిచారు. సిద్ధాంతి గారు ఫోన్‌లో స్పీకర్ మీద ఉన్నారు. అంత ప్రమాదంలో ఒక్క ప్రాణమూ పోలేదంటే అది నైరుతి బరువు మహిమ కాదా అని ఆయన అడిగారు. హాలంతా అవునని తలలూపింది. అందరికంటే గట్టిగా ఊపింది ప్రభాకర్ గారి భార్య. ఆ తలుపు వెనక కూర్చుని దగ్గిన మనిషి! బండను మళ్లీ నైరుతిలోనే నిలబెట్టాలని తీర్మానం చేశారు. ఈసారి మా జిల్లా ఫైర్ ఆఫీసర్ స్వయంగా వచ్చి నేల మీద పసుపు గీత గీయించారు కాబట్టి, తలుపుకు తగలకుండా పక్కకు పెట్టారు. బండకు కొబ్బరికాయ కొట్టి, నాకు శాలువా కప్పారు. వసుంధర పేరు ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తితే, అవునండీ, ఆవిడకు కూడా ఒక బొకే పంపుదామన్నారు.

శాలువాతోనే ఆమె ఫ్లాట్‌కు వెళ్లాను. చేతికి పిండికట్టు ఉంది, హాలు నిండా అట్టపెట్టెలున్నాయి. ఖాళీ చేస్తోంది. ఇప్పుడు తలుపు తెరిచే ఉంది, గీత కూడా గీశారు, ఎందుకమ్మా వెళ్లడం అన్నాను. అలవాటైన నోరు కదా, ఆమెను ఒప్పించబోయాను.

"ఇప్పటికి తెరిచే ఉండాది సార్. రేపు ఇంకెవరో వస్తారు, ఇంకేదో చెప్తారు, వీళ్లు ఓట్లు వేసుకుంటారు. నేను కిందికి దిగొచ్చునా లేదా అని ప్రతిసారీ వీళ్లు తేల్చాల్నా? మదీనాగూడలో కింది ఇల్లు కిరాయికి దొరికింది. గడప దాటితే రోడ్డే" అంది.

శాలువా తీసి పక్కన పెట్టి స్టేషన్‌కు ఫోన్ చేశాను. పెట్టెలు మా వాళ్లే కిందికి దించారు, నైరుతి మెట్ల మీదుగానే.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. ఒక మాటకు జనం తల ఊపారంటే, అంతకంటే తియ్యటి మాట వాళ్ల చెవిన ఇంకా పడలేదని లెక్క. చెప్పులు తీయించిన నోరే బండనూ పెట్టించింది, రెండుసార్లూ ఊగినవి అవే తలలు. మనిషి బయటపడే దారిని ఆ తలల మీద ఆధారపడనివ్వకూడదు. ఆ తర్వాత విరమణ దాకా ఏ టవర్‌లోనూ నేను ప్రసంగం చెయ్యలేదు. మా మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్లి అడ్డమున్నది ముందు తీయించేవాణ్ని, ఎందుకని అక్కడివాళ్లు అడిగితే తర్వాత చెప్పేవాణ్ని. చాలా చోట్ల ఎవరూ అడగలేదు.